ఒంటరి నడకకు మొహమాటం పనికిరాదు

మన ఇళ్లలో పిల్లలకు అన్నిటికన్నా ముందు మర్యాద నేర్పుతాం. ఎవరైనా పలకరిస్తే పలకాలి. పెద్దవాళ్లు ఏదైనా అడిగితే సమాధానం చెప్పాలి. సాయం చేస్తామంటే ముఖం తిప్పుకోకూడదు. నలుగురిలో గొంతు పెంచకూడదు. ఊళ్లో ఈ పెంపకం చక్కగా సరిపోతుంది. అక్కడ మనల్ని పలకరించినవాడి తాత పేరు కూడా మనకు తెలుసు. వాడు వెకిలిగా ఒక్క మాట అన్నా పొద్దుగూకేలోపు ఊరంతా తెలిసిపోతుంది. నగరంలో ఆ కాపలా ఉండదు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో "ఏ ఊరమ్మా మనది?" అని అడిగిన మనిషి మళ్లీ ఈ జన్మలో కనిపించకపోవచ్చు.

నగరంలో మోసం చేసేవాళ్లు, వేధించేవాళ్లు బతికేది మన మర్యాద మీదే. "కాదంటే బాగుండదేమో", "ఏమనుకుంటాడో", "ఎందుకొచ్చిన గొడవలే" అని మనం మనసులో తటపటాయిస్తున్న ఆ కాసేపట్లోనే వాళ్ల పని అయిపోతుంది. అందుకే ఈ అధ్యాయంలో కరాటే గురించి, పెప్పర్ స్ప్రే గురించి పెద్దగా ఏమీ ఉండదు. మొహమాటం ఎక్కడ వదలాలి, ఎలా వదలాలి అన్నదే ఇక్కడ అసలు పాఠం. గ్రూప్స్ పరీక్షల కోసం అశోక్‌నగర్, చిక్కడపల్లిలో గది తీసుకున్న కుర్రాడికి, అమీర్‌పేటలో కోర్సు చేస్తున్న అమ్మాయికి, మాదాపూర్ హాస్టల్లో ఉంటూ రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చే ఉద్యోగికి, కూతురి కాన్పు కోసం మొదటిసారి హైదరాబాద్ వచ్చి కూరగాయలకు ఒక్కతే బయల్దేరిన తల్లికి కూడా ఇది పనికొస్తుంది. మగపిల్లలు ఇది తమకు సంబంధించింది కాదనుకుంటారు. రాత్రిపూట ఫోన్లు లాక్కునేవాళ్లకు, రైల్లో మత్తుమందు కలిపిన బిస్కెట్లు పెట్టేవాళ్లకు అబ్బాయి, అమ్మాయి అన్న తేడా ఏమీ లేదు.

ఇంకో మాట ముందే చెప్పాలి. జాగ్రత్తగా ఉండమని చెప్పడం వేరు, దెబ్బ తిన్నవాళ్లను "నువ్వెందుకు జాగ్రత్తగా లేవు" అని నిలదీయడం వేరు. నేరం చేసినవాడిదే నేరం. అర్ధరాత్రి రోడ్డు మీద ఉండటం తప్పు కాదు, ఒంటరిగా ఉండటం తప్పు కాదు, వేసుకున్న బట్టలు తప్పు కాదు. ఇక్కడ రాసినవన్నీ పాటించినా ఒక్కోసారి చెడు జరుగుతుంది. అలాంటప్పుడు ఈ అధ్యాయాన్ని చూపించి ఎవరినైనా తప్పు పడితే, దాన్ని రాసిన ఉద్దేశానికే అది విరుద్ధం.

చూపు ఎక్కడ ఉండాలి

2009లో అమెరికాలోని వెస్టర్న్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఒక విచిత్రమైన పరిశోధన జరిగింది. విద్యార్థులు నడిచి వెళ్లే ఆవరణలో జోకర్ వేషం వేసిన ఒక మనిషి ఒంటి చక్రం సైకిల్ తొక్కుతూ తిరిగాడు. దాటి వచ్చినవాళ్లను ఆపి, జోకర్‌ని చూశారా అని అడిగారు. సెల్‌ఫోన్లో మాట్లాడుతూ నడిచినవాళ్లలో నాలుగో వంతు మందే చూశామన్నారు. ఏ పరికరమూ లేకుండా ఒంటరిగా నడిచినవాళ్లలో సగం మంది చూశారు. పాటలు వింటూ నడిచినవాళ్లలో అరవై శాతానికి పైగా చూశారు. ఇద్దరిద్దరుగా నడిచినవాళ్లు అందరికన్నా ఎక్కువగా గమనించారు.

ఇందులో మనం పట్టించుకోవలసిన సంగతి ఒకటుంది. రాత్రి ఒంటరిగా నడిచేటప్పుడు భయం వేస్తే చాలామంది చేసే మొదటి పని స్నేహితురాలికి ఫోన్ చేసి కబుర్లలో పడటం. తోడు ఉన్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ మనసు ఆ సంభాషణలోకి వెళ్లిపోతుంది, కళ్లు తెరిచే ఉన్నా చూపు ఉండదు. ఫోన్ చేయవద్దని కాదు. చేస్తే దారి గురించే మాట్లాడండి. "మెట్రో దిగాను, మెట్ల దగ్గర ఉన్నాను, ఎడమ వైపు మందుల షాపు దాటుతున్నాను" అని చెబుతూ నడిస్తే మీ కళ్లు పని చేస్తాయి, అవతలివాళ్లకు మీరు ఎక్కడున్నారో తెలుస్తుంది, పక్కన నడిచేవాడికి కూడా మీ కోసం ఎవరో ఎదురు చూస్తున్నారని వినపడుతుంది.

అప్రమత్తత అంటే బెదురు చూపులు కాదు. అమెరికా సైన్యంలో పనిచేసిన జెఫ్ కూపర్ 1972లో ఆత్మరక్షణ మీద రాసిన చిన్న పుస్తకం చాలామందికి పాఠ్యగ్రంథమైంది. మనసు స్థితిని రంగులతో చెప్పే పద్ధతికి ఆయనే ప్రచారం తెచ్చాడు. తెలుపు అంటే పరధ్యానం. పసుపు అంటే ప్రశాంతంగా ఉంటూనే చుట్టూ ఏం జరుగుతోందో తెలిసి ఉండటం. నారింజ అంటే ఫలానా మనిషి మీద, ఫలానా కదలిక మీద అనుమానం కుదరటం. ఎరుపు అంటే ఇక తేల్చుకోవలసిన ఘడియ. వీధిలో ఉన్నంతసేపూ పసుపులో ఉంటే చాలు. పొయ్యి మీద పాలు పెట్టి పక్కనే కూరగాయలు తరుగుతున్న అమ్మను చూడండి. ఆమె పాల గిన్నెను తదేకంగా చూడదు, కానీ పాలు పొంగే లోపు ఆమె చెయ్యి స్టవ్ మీద ఉంటుంది. అలసట లేని ఆ ఎరుకే మీకు కావలసింది. రోజంతా నారింజలో ఉండేవాళ్లు నెల తిరక్కుండా విసిగిపోయి మళ్లీ తెలుపులోకి జారిపోతారు.

ఆ ఎరుక నడకలోనూ కనిపిస్తుంది. 1981లో గ్రేసన్, స్టెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్ వీధుల్లో నడిచేవాళ్లను వీడియో తీసి, దాడి కేసుల్లో శిక్ష పడిన ఖైదీలకు చూపించారు. ఎవరి మీద దాడి సులువు అని అడిగితే, నడకలో పొందిక లేనివాళ్ల వైపు ఖైదీల వేళ్లు వెళ్లాయి. కాబట్టి దారి తెలియకపోతే నడిరోడ్డు మీద ఫోన్ తిప్పుతూ తడబడకండి. ఏదైనా దుకాణంలోకి వెళ్లి, నిలబడి, మ్యాపు చూసుకుని, రెండు మూడు మలుపులు గుర్తు పెట్టుకుని బయటికి రండి. తెలిసినట్టు నడవండి.

సాయం చేస్తామని వచ్చేవాళ్లు

భద్రతా నిపుణుడు గావిన్ డి బెకర్ 1997లో భయం గురించి ఒక పుస్తకం రాశాడు. దాడికి గురై బయటపడిన ఎందరితోనో మాట్లాడి, నేరగాళ్లు మనిషిని ఎలా లొంగదీసుకుంటారో అందులో విడమరిచాడు. పరిచయం లేకుండానే "మనం" అంటూ కలిసిపోతారు. అడగని సాయం చేసి రుణపడినట్టు చేస్తారు. "మీలాంటివాళ్లు మాలాంటివాళ్లతో మాట్లాడతారా" అని ఒక మాట విసిరి, అది నిజం కాదని నిరూపించుకోవడానికైనా మనం మాట్లాడేలా చేస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన గుర్తు ఒకటి చెప్పాడాయన. మీరు వద్దన్న తరువాత కూడా వదలకపోవడం. మంచి మనసుతో సాయానికి వచ్చినవాడు "వద్దండీ" అనగానే పక్కకు తప్పుకుంటాడు. తప్పుకోనివాడి దగ్గర ఇక మర్యాద అక్కర్లేదు.

2019 నవంబరు 27 రాత్రి హైదరాబాద్ బాహ్య వలయ రహదారి పక్కన, శంషాబాద్ దగ్గరి తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద ఒక పశువైద్యురాలిపై జరిగిన అత్యాచారాన్ని, హత్యను తెలుగువాళ్లెవరూ మరిచిపోలేరు. ఆమె స్కూటర్ టైరులో గాలి తీసినవాళ్లే సాయం చేస్తామంటూ వచ్చారని పోలీసు దర్యాప్తు చెప్పింది. ఆమె తన చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. అంటే ఆమె మనసు ఆమెకు సరిగ్గానే చెప్పింది. ఆమె చేయవలసిన పని కూడా చేసింది. ఆ తరువాత ఫోన్ పలకలేదు. కుటుంబం పోలీసుల దగ్గరికి పరుగెత్తితే, అది మా పరిధి కాదన్న మాటలతో విలువైన సమయం పోయింది. అందుకు ముగ్గురు పోలీసు సిబ్బంది సస్పెండయ్యారు.

ఆ రాత్రి నుంచి నేర్చుకోవలసిన పాఠం ఆమెకు సంబంధించింది కాదు, మనకు సంబంధించింది. ఫోన్‌కి ఇవతల వైపు ఉన్నవాళ్లకు. మీ ఇంట్లోవాళ్లెవరైనా "నాకిక్కడ భయంగా ఉంది" అంటే "ఏం కాదులే, వచ్చెయ్" అనకండి. ఎక్కడున్నారో అడగండి, పక్కన వెలుగున్న చోటికి వెళ్లమనండి, లైన్ కట్ చేయకుండా ఇంకో ఫోన్ నుంచి అత్యవసర నంబరు 112కి చెప్పండి. ఆ తరువాత అంతా మామూలే అని తేలితే పోలీసులకు థ్యాంక్స్ చెప్పి పెట్టేయవచ్చు. ఆ కాల్ వల్ల పోయేదేమీ లేదు.

పెద్దవాళ్ల దగ్గరికి ఇదే మోసం ఇంకో వేషంలో వస్తుంది. బైకు మీద ఇద్దరు వస్తారు. టక్ చేసుకుని, పొట్టి క్రాపుతో, చూడగానే పోలీసుల్లా ఉంటారు. "అమ్మా, ఈ సందులోనే నిన్న గొలుసు తెంపుకుపోయారు. ఇన్ని నగలతో తిరుగుతారా ఎవరైనా? తీసి పొట్లం కట్టుకోండి" అని గద్దిస్తారు. సరిగ్గా అప్పుడే దారిన పోతున్నట్టు మూడోవాడు వస్తాడు. వాణ్ణి ఆపి ఉంగరం తీయించి కాగితంలో చుట్టి ఇస్తారు. వాడూ వాళ్ల మనిషే. అది చూసి మన పెద్దావిడకు నమ్మకం కుదురుతుంది. గాజులు, గొలుసు తీసి ఇస్తుంది. ఇంటికెళ్లి పొట్లం విప్పితే గులకరాళ్లుంటాయి. పేపర్లలో "దృష్టి మళ్లించి చోరీ" అని రాసేది దీన్నే. బ్యాంకు నుంచి డబ్బు తీసుకుని వస్తుంటే చొక్కా మీద ఏదో పడిందని చెప్పడం, కింద పది రూపాయల నోట్లు పడేసి మీవేనా అనడం, టైరులో గాలి లేదని సైగ చేయడం, అన్నీ ఈ కోవలోవే.

ఏ పోలీసూ రోడ్డు మీద ఆపి నగలు తీయమనడు. ఈ ఒక్క వాక్యం మీ అమ్మకి, అత్తయ్యకి, నానమ్మకి పదే పదే చెప్పండి. ఎవరైనా అలా ఆపితే చెప్పవలసిన జవాబు కూడా నేర్పండి. "స్టేషన్‌కి వచ్చి మాట్లాడతాను బాబూ" అని నడక ఆపకుండా పక్క దుకాణంలోకి వెళ్లిపోవాలి. నిజమైన పోలీసైతే ఆ జవాబుకి నొచ్చుకోడు.

కాదనే మాటలు ముందే నోటికి రావాలి. అద్దం ముందు నిలబడి బిగ్గరగా అని చూడండి. "వద్దండీ." "నాకు అవసరం లేదు." "దూరంగా నిలబడి మాట్లాడండి." "మీరెవరో నాకు తెలియదు." వీటికి కారణం జోడించకండి. "మా అన్నయ్య వస్తున్నాడండీ, అందుకే వద్దు" అంటే అవతలివాడు అన్నయ్య గురించి అడుగుతాడు, సంభాషణ సాగుతుంది. ఉత్త "వద్దు" దగ్గర సాగదీయడానికి ఏమీ ఉండదు. మొదటిసారి అన్నప్పుడు గొంతు వణుకుతుంది. పదోసారికి వణకదు.

తెల్లవారుజామున దిగే బస్సు

జిల్లాల నుంచి హైదరాబాద్ వచ్చేవాళ్లకు అన్నిటికన్నా బలహీనమైన ఘడియ తెల్లవారుజాము నాలుగున్నర. రాత్రంతా సరిగ్గా నిద్ర ఉండదు. చేతిలో రెండు బ్యాగులు, ఒక పచ్చళ్ల సంచి. ఫోన్ చార్జింగ్ అడుగంటి ఉంటుంది. ప్రైవేటు బస్సు ఎల్బీనగర్‌లోనో, మియాపూర్‌లోనో ఫ్లైఓవర్ కింద ఆపి "దిగండి దిగండి" అంటుంది. దిగగానే ఐదారుగురు ఆటోవాళ్లు చుట్టుముట్టి, అడక్కుండానే బ్యాగు పట్టుకుంటారు. వాళ్లలో చాలామంది పాపం పొట్టకూటి కోసం రాత్రంతా మేల్కొన్నవాళ్లే. కానీ ఆ నిద్రమత్తులో, ఆ గందరగోళంలో మనిషిని అంచనా వేసే శక్తి మీకు ఉండదు. కాబట్టి ఆ అంచనా అవసరం పడకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి.

టికెట్ కొనేటప్పుడే బస్సు ఎన్నింటికి చేరుతుందో చూడండి. వీలైతే తెల్లారాక చేరే బస్సు ఎంచుకోండి. అది కుదరకపోతే ఫ్లైఓవర్ కింద కాకుండా బస్టాండులో దిగండి. ఎంజీబీఎస్, జేబీఎస్‌లలో వెలుగు, జనం, కూర్చోవడానికి చోటు ఉంటాయి. ఆర్టీసీ బస్సుకి ఆ లాభం ఉంది. అక్కడే కూర్చుని టీ తాగి, తెల్లారాక కదలండి. రెండూ మెట్రో స్టేషన్ల పక్కనే ఉన్నాయి, పొద్దున్నే మొదటి రైలు ఎక్కవచ్చు. సిటీ బస్సులు కూడా తెల్లవారేసరికి మొదలవుతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆయా రాష్ట్రాల మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి డబ్బు కోసం షేర్ ఆటోలో ఇరుక్కోవలసిన అవసరమూ తగ్గింది. గంట ముందు గదికి చేరి మీరు సాధించేది ఏమీ లేదు. ఈ విషయంలో తల్లిదండ్రులకు నాదొక మనవి. "ఇంకా చేరలేదా" అని ఐదు నిమిషాలకోసారి ఫోన్ చేసి పిల్లల్ని తొందరపెట్టకండి. "తెల్లారాకే కదులు, మేం కంగారు పడం" అని మీరే ముందు చెప్పండి.

బస్సు నిజంగానే చీకట్లో దింపేసిందనుకుందాం. దిగకముందే సీట్లో కూర్చుని క్యాబ్ బుక్ చేయండి. అది వచ్చేదాకా ఎక్కడ నిలబడాలో కిటికీలోంచే చూసుకోండి. రాత్రంతా తెరిచి ఉండే చోట్లు ప్రతి పేటలోనూ కొన్ని ఉంటాయి. పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీ, పెట్రోలు బంకు, వాచ్‌మన్ ఉన్న ఏటీఎం, పోలీస్ స్టేషన్. మీరుండే పేటలో ఇవి ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక ఆదివారం పగలు నడిచి చూడండి. పగలు చూసిన దారి రాత్రి భయపెట్టదు. క్యాజువాలిటీ ముందు కుర్చీలో కూర్చున్న మనిషిని ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు, అడిగినా ఉన్నమాట చెప్పండి.

క్యాబ్ ఎక్కేటప్పుడు నంబరు ప్లేటు యాప్‌లో చూపించినదేనా అని చూడండి. "యాప్‌లో వేరే బండి ఉంటుందమ్మా, నేనే వస్తున్నాను" అంటే ఎక్కకండి. మీరు మీ పేరు చెప్పకండి. "ఎవరి కోసం వచ్చారు?" అని అతన్నే అడగండి. లోపలి నుంచి తలుపు తెరుచుకుంటుందో లేదో కూర్చున్న వెంటనే ఒకసారి తెరిచి వేయండి, చైల్డ్ లాక్ ఉంటే తీయమనండి. ప్రయాణం వివరాలు ఇంటికి పంపండి. పంపినట్టు అతనికి వినపడేలా ఫోన్లో చెప్పండి కూడా. "అక్కా, బండి ఎక్కాను, నంబరు పంపాను చూడు." తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2024లో టీ-సేఫ్ అనే ప్రయాణ పర్యవేక్షణ సేవ మొదలుపెట్టింది. రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లు దాన్ని వాడుకోవాలి. రోడ్డు మీద ఆపిన ఆటో అయితే ఎక్కకముందే నంబరు ఫోటో తీయండి. డ్రైవర్ ముఖం చిట్లిస్తే ఆ ఆటో వద్దు. దారి మళ్లినట్టు అనిపిస్తే "అన్నా, మెయిన్ రోడ్డు మీదే పోనివ్వు" అని ఒకసారి చెప్పండి. వినకపోతే రెండోసారి చెబుతూ కూర్చోకుండా 112 నొక్కండి.

ఎవరో వెంట వస్తుంటే

అనుమానం వస్తే ముందు తేల్చుకోవాలి. రోడ్డు దాటి అవతలి వైపు నడవండి. అతనూ దాటితే మళ్లీ ఇవతలికి రండి. అప్పుడూ వస్తే ఇక అనుమానం లేదు. వెనక్కి తిరిగి ఒక్కసారి ముఖం పూర్తిగా చూడండి. దొంగచాటుగా కాదు, గుర్తు పెట్టుకుంటున్నానని అతనికి తెలిసేలా. చాలామంది అక్కడే జారుకుంటారు, వాళ్లకు కావలసింది గమనించని మనిషి.

మీ ఇంటికి మాత్రం వెళ్లకండి. మీరు ఎక్కడ ఉంటారో అతనికి చూపించినట్టవుతుంది. మందుల షాపు, కిరాణా కొట్టు, టిఫిన్ సెంటర్, ఏది దగ్గరుంటే అందులోకి నేరుగా నడవండి. మొహమాటం మళ్లీ అడ్డొచ్చేది ఇక్కడే. ఏమీ కొనకుండా ఎలా నిలబడటం, ఏం చెప్పాలి అని. ఇలా చెప్పండి. "అన్నా, ఒకతను నా వెంట పడ్డాడు. మావాళ్లు వచ్చేదాకా ఇక్కడ నిలబడతాను." అంతే చాలు. వద్దన్న దుకాణదారు అరుదు.

అరవవలసి వస్తే ఏమని అరవాలో కూడా తెలిసి ఉండాలి. 1976లో అమెరికాలో షాట్‌లాండ్, స్ట్రా అనే పరిశోధకులు ఒక నాటకం ఆడించారు. మగవాడు ఆడమనిషి మీద దౌర్జన్యం చేస్తుంటే చూసేవాళ్లు అడ్డుపడతారా లేదా అని పరిశీలించారు. ఆమె "నువ్వెవరో నాకు తెలియదు" అని అరిచినప్పుడు 65 శాతం మంది జోక్యం చేసుకున్నారు. అతన్ని పెళ్లి చేసుకున్నందుకు వాపోతున్నట్టు అరిచినప్పుడు 19 శాతం మందే కదిలారు. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు అన్న ఆలోచన మనకొక్కరికే ఉన్నది కాదన్నమాట. వేధించేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే చుట్టూ జనం ఉంటే "ఇంటికి పద, ఏంటీ గోల" అని చనువు నటిస్తారు. మీ అరుపులో మొదటి మాటే "వీడెవడో నాకు తెలియదు" అయి ఉండాలి.

రెండోది, గుంపుని పిలవకండి, మనిషిని పిలవండి. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగంలో, పక్క గదిలో ఎవరో ఫిట్స్‌తో కొట్టుకుంటున్నట్టు స్పీకర్లో వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతం మందే లేచారు. జనం చెడ్డవాళ్లు కావడం వల్ల కాదిది, ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకోవడం వల్ల. కాబట్టి "ఎవరైనా కాపాడండి" అంటే ఎవరూ కదలకపోవచ్చు. "నీలం చొక్కా అన్నా, ఇటు రా! అక్కా, నువ్వు 112కి ఫోన్ చెయ్యి!" అని వేలు చూపించి పిలవండి. పిలిచినవాళ్లు వస్తారు. ఈ నమ్మకానికి ఆధారం కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, లాంకాస్టర్, కేప్‌టౌన్ నగరాల సీసీ కెమెరాల్లో నమోదైన 219 వీధి గొడవలను పరిశీలించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పదింటిలో తొమ్మిది చోట్ల కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారని తేలింది.

చేతిలో ఉన్నది లాక్కోవడానికి వచ్చినవాడితో మాత్రం పెనుగులాడకండి. ఫోన్ పోతే పోనివ్వండి. మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు ముందే ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచుకుంటే (స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే పదిహేను అంకెలు కనిపిస్తాయి), ఫిర్యాదు చేశాక కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో ఆ ఫోన్‌ని దేశమంతటా పనిచేయకుండా చేయవచ్చు. పోయిన ఫోన్లు ఆ దారిలో దొరికినవీ చాలా ఉన్నాయి. సిమ్ వెంటనే బ్లాక్ చేయించండి. ఖాతాలోంచి డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఆ క్షణమే చెప్పండి. గొలుసులు తెంపేవాళ్లు బైకు మీద వెనక నుంచి వస్తారు కాబట్టి ఎదురుగా వాహనాలు వచ్చే వైపు నడవడం, హ్యాండ్‌బ్యాగు గోడ వైపు భుజానికి వేసుకోవడం మంచిది. పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసుకునే ఆడవాళ్లు, అడ్రసు అడుగుతూ బండి ఆపినవాడికి గేటు లోపలి నుంచే జవాబివ్వాలి.

పెప్పర్ స్ప్రే కొనుక్కుంటే కొనుక్కోండి. బ్యాగు అడుగున దువ్వెనల కింద ఉంటే అది లేనట్టే. ఆత్మరక్షణ నేర్చుకోవడం ఇంకా మంచిది, శరీరానికి ధైర్యం వస్తుంది. రెండిటి లక్ష్యం ఒకటే, తప్పించుకుని పరుగెత్తడానికి రెండు క్షణాలు సంపాదించడం.

పోలీసులతో పని

పోలీసులకు చెప్పడం దగ్గర మన మొహమాటం మరీ ఎక్కువ. పరువు పోతుందని, స్టేషన్ చుట్టూ తిరగాలని, అసలు ఇది చెప్పుకోదగ్గ విషయమేనా అని వెనకాడతాం. వెంటపడటం చెప్పుకోదగ్గ విషయమే. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది నేరం, మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఫోన్‌లో, సోషల్ మీడియాలో వెంటపడినా అదే సెక్షన్. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ పోలీసు బృందాలు ఉన్నది ఇలాంటివాటి కోసమే. మఫ్టీలో వచ్చి, వేధిస్తున్నవాణ్ణి అక్కడికక్కడే పట్టుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వచ్చిన మహిళా భద్రతా యాప్ దిశ స్థానంలో 2025లో శక్తి యాప్ వచ్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181, రైల్లో అయితే 139.

"మా పరిధి కాదు" అన్న మాటకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, తీవ్రమైన నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాల్సిందే. జీరో ఎఫ్ఐఆర్ అంటారు దీన్ని. ఆ మాట నోటికి పట్టుకోండి. స్టేషన్‌లో "జీరో ఎఫ్ఐఆర్ రాయండి" అని అడిగినవాళ్లను తిప్పి పంపడం కష్టం.

ఈ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఫోన్ తీసుకుని కూర్చోండి. పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లో ఐదుసార్లో నొక్కితే అత్యవసర కాల్ వెళ్లే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. మీ ఫోన్లో అది ఎన్నిసార్లు నొక్కితే పనిచేస్తుందో సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఇంట్లో ఇద్దరి నంబర్లు అందులో పెట్టండి, వాళ్లకు ఆ సంగతి చెప్పండి. మీ అమ్మ ఫోన్లో కూడా చేసి పెట్టండి. మీరే దుకాణం నడుపుతున్నా, ఆటో తోలుతున్నా, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నా మీకూ ఒక విన్నపం. రాత్రిపూట ఎవరైనా మీ దగ్గరికి వచ్చి "కాసేపు ఇక్కడ నిలబడతాను" అంటే ఎందుకని అడగకుండా ఒక కుర్చీ వేయండి. వాళ్లవాళ్లు వచ్చేదాకా షట్టర్ దించకండి.